కొత్త తంతి

బస్తరు ప్రాంతమున వరికోతలు ముగిసిన పిమ్మట గ్రామములలో లక్ష్మీజాగరు జరుగును. ‘గురుమాయి’ అని పిలువబడు గాయనులు మహాలక్ష్మీనారాయణుల కల్యాణగాథను హల్బీ భాషలో దినముల తరబడి గానము చేయుదురు. సుక్దయి అను గురుమాయి పాడిన గాథను హరిహర వైష్ణవ్, సి. ఎ. గ్రెగరీ అనువారు గ్రంథస్థము చేయగా 2003వ సంవత్సరమున వెలువడినది.

ఆ గానమునకు తోడైన వాద్యము ధనకుల్. మట్టికుండ మూతిపై చేట, చేటపై వింటికొన, అంతియే. కుడిచేతి వెదురుపుల్లతో వింటిపై గాట్లను గీయుచు, ఎడమచేత నారిని మీటుదురు. ఆ నారి తెగినచో కుండ పగులలేదు, విల్లు విరుగలేదు. అయినను ఝంకారము లేదు. క్రొత్త నారి కట్టక తప్పదు.

వీణకైనను గిటారుకైనను ఇంతియే. వాయించువాని వ్రేళ్ళ చెమటచేతనే ఉక్కుతంతి త్రుప్పుపట్టి, దాని నాదము మందగించును. పాతదానిని మెల్లగా వదులుచేసి తీసి, క్రొత్తదానిని బిగించి శ్రుతిచేయుదురు. కొంతసేపటికే ఆ శ్రుతి జారును. అనుభవము లేనివాడు తంతి చెడ్డదని పారవేయును. లేదా కోపముతో మితిమీరి బిగించి తెంపును. తెలిసినవానికి కారణము తెలియును: తంతి సాగుచున్నది, బిరడపై చుట్లు కుదురుకొనుచున్నవి. అతడు దానిని చేతితో సుతారముగా లాగి, మరల శ్రుతిచేయును. జారిన కొలది మరల చేయును. తుదకది నిలుచును.

సాధకుని స్థితియు నిట్టిదే. వేకువజపము యాంత్రికమై పోయినదని గ్రహించి, ఒకడు క్రొత్త నియమము పూనును. మూడవనాడే అది సడలును. ‘నేను దీనికి తగను’ అని విడిచిపెట్టువారు కొందరు. నిరాహారమున, నిద్రలేమితో దేహమును దండించువారు కొందరు. పాదములు నెత్తురోడునట్లు నడచి సాధన చేసిన సోణుడు నిరాశతో ఇల్లు చేర తలచినప్పుడు, బుద్ధభగవానుడు అతనికి వీణనే జ్ఞప్తి చేసెను: మిక్కిలి బిగిసినను, మిక్కిలి సడలినను తంతి పలుకదు. సోణుడు పూర్వాశ్రమమున వైణికుడు. ఆ మాట అతనికి వెంటనే నాటెను.

మొదటి సడలింపు పతనము కాదు; కుదురుకొనుట. అయితే బిరడ త్రిప్పక కూర్చున్నవానికి అది పతనమే యగును. కావున నేడు జారినది నేడే సవరించుకొనవలెను. జాగరు అనగా మేలుకొని యుండుటయే గదా! శ్రుతి తప్పినదని తెలియుటయే చెవి మేలుకొన్నదనుటకు గుర్తు. చెవి మేలుకొన్న యింటికి లక్ష్మి రాకమానదు.