అతిథిలో ప్రభువును చూచిన నాగరికత



తీర్పు దినాన ప్రభువు మనలను ఏమి అడుగుతారో మత్తయి సువార్త 25వ అధ్యాయం చెబుతుంది. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టావా? పరదేశిని ఇంట చేర్చుకున్నావా? ఒక్కొక్క మనిషికి ఎదురయ్యే ఈ ప్రశ్నలు ఒక నాగరికతకూ ఎదురవుతాయి.

“పాశ్చాత్య నాగరికత” అనే మాట మన ఇళ్లలో రెండు రకాలుగా వినబడుతుంది. పిల్లవాడి వేషం నచ్చకపోతే “పాశ్చాత్య నాగరికత మోజు” అని విసుక్కుంటాం. అదే పిల్లవాడికి అమెరికా వీసా వస్తే కృతజ్ఞతా పూజ చెప్పిస్తాం. ఇంతకీ ఆ నాగరికత ఎలా పెరిగింది? ఎక్కడ దారి తప్పింది? ఈ వారం ధ్యానిద్దాం.

గ్రీకుల తత్త్వచింతన, రోమీయుల న్యాయశాస్త్రం, యెరూషలేము నుండి బయలుదేరిన విశ్వాసం - ఈ మూడూ కలిసిన చోట ఆ నాగరికత వేళ్లూనింది. అయితే క్రీ.శ. 410లో గోతులు రోము నగరాన్ని దోచుకున్నారు. 476లో పడమటి రోము సామ్రాజ్యపు చివరి చక్రవర్తి పదవి కోల్పోయాడు. బాటలు పాడుబడ్డాయి, బడులు మూతబడ్డాయి. లోకం అంతమైపోయిందనే అనుకున్నారు చాలామంది.

ఆ రోజులలోనే, 480 ప్రాంతంలో, ఇటలీలోని నూర్సియా అనే ఊరిలో పునీత బెనెడిక్టు వారు జన్మించారు. చదువుకోసం రోముకు వెళ్లి, అక్కడి విచ్చలవిడితనం చూడలేక, సుబియాకో కొండగుహలో ఏకాంతంగా ప్రార్థనలో గడిపారు. 529 ప్రాంతంలో మోంతె కస్సీనో కొండమీద మఠాన్ని స్థాపించారు. ఆయన సైన్యాన్ని కూర్చలేదు, సామ్రాజ్యాన్ని నిలబెట్టాలని బయలుదేరలేదు. 73 అధ్యాయాల చిన్న నియమావళిని మాత్రం వ్రాశారు.

ఆ నియమావళిలో ఏముంది? ప్రార్థనకు వేళ, పనికి వేళ, పఠనానికి వేళ. ఆనాటి సమాజంలో మట్టి పని బానిసల పని. బెనెడిక్టు వారి మఠంలో గొప్పింటి బిడ్డా, పేదవాడి బిడ్డా ఒకే పొలంలో వంగి పనిచేయాలి. మఠంలోని పారలను, పాత్రలను బలిపీఠపు పవిత్ర పాత్రలంత భద్రంగా చూచుకోవాలని 31వ అధ్యాయం ఆదేశిస్తుంది. వచ్చే అతిథులందరినీ క్రీస్తుగానే ఎంచి చేర్చుకోవాలని, పేదలను, యాత్రికులను మరింత శ్రద్ధతో ఆదరించాలని 53వ అధ్యాయం నేర్పుతుంది.

ఐరోపా మళ్లీ లేచి నిలబడడంలో ఈ చిన్న పుస్తకం పాత్ర ఎంతో పెద్దది. మఠవాసులు అడవులు కొట్టి సాగుచేశారు, చిత్తడి నేలల నీరు తీశారు. పవిత్ర గ్రంథాన్నే కాక రోమీయ కవుల, పండితుల గ్రంథాలను కూడా తోలు పత్రాల మీద చేతితో నకలు వ్రాసి కాపాడారు. 597లో గ్రెగోరీ పోపుగారు పంపిన మఠవాసులు ఇంగ్లండు తీరాన దిగారు. అక్కడినుండి వెళ్లిన పునీత బోనిఫాసు వారు జర్మను ప్రాంతాలలో సువార్త ప్రకటించి, 754లో వేదసాక్షిగా మరణించారు. మఠం వెలిసిన చోట తరచుగా బడి వెలిసింది, రోగులకు ఆశ్రయం దొరికింది.

వారు ఇతరులనుండి నేర్చుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. మన దేశంలో పుట్టి, అరబ్బుల ద్వారా స్పెయిను చేరిన అంకెలను గెర్బెర్టు అనే బెనెడిక్టు సభ మఠవాసి నేర్చుకొని తన శిష్యులకు చూపారు. 999లో ఆయనే రెండవ సిల్వెస్టరు పోపుగారయ్యారు. 12వ శతాబ్దంలో అరిస్టాటిలు గ్రంథాలు అనేకం టొలీడో నగరంలో అరబీ భాషనుండి లాటినులోకి వచ్చాయి. బాల్యంలో మోంతె కస్సీనోలో చదువుకున్న పునీత తోమాసు అక్వీనాసు వారు ఆ అరిస్టాటిలును క్రైస్తవ చింతనకు సేవకునిగా చేశారు. ఇతరుల జ్ఞానాన్ని అతిథిలా ఆహ్వానించినంత కాలం ఆ నాగరికత ఎదిగింది.

మరి ఎక్కడ దారి తప్పింది? 1492 తరువాత స్పెయిను ఓడలు అట్లాంటిక్ దాటాయి. వెళ్లినవారు ఆ దీవులకు అతిథులు. కాని ఆ అతిథులు ఆతిథ్యమిచ్చిన వారినే వెట్టిచాకిరిలోకి నెట్టారు. మెడలో సిలువ, చేతిలో కొరడా! బంగారం తవ్వకాలలో, కొత్త రోగాలతో ఆ దీవుల ప్రజలు వేలవేలుగా నేలరాలారు.

1511 డిసెంబరు 21న, ఆగమనకాలపు నాలుగవ ఆదివారాన, హిస్పానియోలా దీవిలో అంతోనియో దె మోంతెసినోసు అనే దోమినికు సభ గురువు ప్రసంగానికి లేచారు. గవర్నరూ, భూస్వాములూ ఎదుట కూర్చుండగా, “వీరు మనుష్యులు కారా?” అనే భావంతో నిలదీశారు. పెద్దలు మండిపడ్డారు, మాట వెనక్కు తీసుకొమ్మన్నారు. మరుసటి ఆదివారం ఆయన అదే మాటను ఇంకా గట్టిగా చెప్పారు. క్యూబా దీవిలో వెట్టివారిని పొందిన లాస్ కాసాసు అనే గురువు 1514లో వారిని వదులుకొని, ఆ పీడితుల పక్షాన జీవితాంతం పోరాడారు. ఆ ప్రజల స్వేచ్ఛను, ఆస్తిని హరించరాదని 1537లో మూడవ పౌలు పోపుగారు ప్రకటించారు.

అయినా బానిస వ్యాపారం శతాబ్దాలు సాగింది. దాన్ని నడిపినవారిలో జ్ఞానస్నానం పొందినవారు ఎందరో ఉన్నారు. దీన్ని దాచుకోవడం విశ్వాసం కాదు. 2000 మార్చి 12న రెండవ జాన్ పాల్ పోపుగారు తిరుసభ బిడ్డల పాపాలకు బహిరంగంగా దేవుని క్షమాపణ వేడుకున్నారు. పశ్చాత్తాపం మన విశ్వాసానికి అవమానం కాదు, అది మన విశ్వాసంలో భాగం.

ప్రియులారా, ఒకే సువార్త చదివినవారు ఒకచోట అతిథిలో క్రీస్తును చూశారు, మరొకచోట ఆతిథ్యమిచ్చినవానిలో బానిసను చూశారు. తేడా పుస్తకంలో లేదు, చూచే కన్నులో ఉంది. ఆ కన్ను మన ఇంట్లో ఎలా ఉంది? పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే ఇంట్లో జపమాల ఎంత గట్టిగా చెప్పినా ప్రభువు గడప బయటే నిలబడతారు. కులం చూచి పెండ్లి విందుకు బంతులు వేరుచేస్తే, మనమూ ఆ ఓడలలో వెళ్లినవారి దారినే నడుస్తున్నాం.

మోంతె కస్సీనో మఠం 6వ శతాబ్దంలో లొంబార్దుల చేతిలో, 883లో సారసేనుల చేతిలో, 1349లో భూకంపంలో, 1944 ఫిబ్రవరి 15న బాంబుల క్రింద కూలిపోయింది. ప్రతిసారీ మళ్లీ లేచింది. 1964 అక్టోబరు 24న ఆరవ పౌలు పోపుగారు దానిని ప్రతిష్ఠించి, పునీత బెనెడిక్టు వారిని ఐరోపా పాలకపునీతునిగా ప్రకటించారు. నేలలో పడిన గోధుమ గింజను గూర్చి ప్రభువు చెప్పింది ఇదే కదా!

ఈ వారం ప్రతి కుటుంబం ఒక చిన్న మఠం కావాలి. సాయంత్రం టీవీ ఆపి కలిసి ప్రార్థించండి. పిల్లలచేత ఒక అధ్యాయం చదివించండి. చేతిపనిని చిన్నచూపు చూడకండి. మీ ఇంట ఇంతవరకు గడప దాటి లోపలికి రానివారిని ఒక్కరినైనా పిలిచి, మీ పక్కనే కూర్చోబెట్టి భోజనం పెట్టండి. ఆ రోజు మీ ఇంట విందారగించేది సాక్షాత్తు ఆ ప్రభువే.

ఆమెన్.