పెరటిలో ఒక మూల



మా గురునివాసం పెరట్లో ఒక కరివేపాకు చెట్టు ఉంది. ఒక ఏడాది లేత ఆకులను పురుగులు తింటున్నాయని నేనే మందు తెప్పించి కొట్టించాను. మర్నాటికి పురుగులన్నీ రాలిపోయాయి. సత్యోపదేశానికి వచ్చిన ఒక పాప వాటిని చూసి, "ఫాదర్, ఇవి సీతాకోకచిలుకలు కావలసినవి కదా!" అంది. నా దగ్గర జవాబు లేదు.

పాప మాట నిజం. మొదట పక్షిరెట్టలా, తరువాత ఆకుపచ్చగా కనిపించే ఆ పురుగులే కొన్నాళ్లకు రెక్కలు తొడుగుతాయి. నిమ్మ, కరివేపాకు వంటి కొద్ది చెట్ల ఆకులే వాటి ఆహారం. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు పురుగులనే తెచ్చిపెడుతుంది. గుమ్మడి మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు మోసేది తేనెటీగ. తెల్లవారి పూలు విచ్చిన వేళ మందు కొడితే, మన కాయను మనమే పోగొట్టుకుంటాం.

ఏ ఒక్క ప్రాణీ దేవుని మంచితనాన్ని పూర్తిగా చూపలేదు కనుకనే ఆయన ఇన్ని రకాలను సృజించాడని పునీత తోమా అక్వినాసు వారు బోధించారు. సెమినరీలో ఆ పాఠం చదివి పరీక్ష రాశాను. అది కరివేపాకు పురుగుకూ వర్తిస్తుందని ఆనాడు నాకు తోచలేదు.

దేవుడు నరుని తోటలో ఉంచింది సాగుచేయడానికే కాదు, కాపాడడానికి కూడా (ఆది 2:15). పునీత అస్సీసి ఫ్రాన్సిస్ వారు మఠం తోటలో కొంత భాగాన్ని అడవిపూల కోసం వదిలిపెట్టమని కోరేవారు. వాటిని చూసినవారు సృష్టికర్తను తలచుకోవాలని ఆయన ఆశ. దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో తమ 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఈ సంగతిని గుర్తుచేశారు.

పంట పోతే పస్తులుండే రైతును నేను తప్పుపట్టడం లేదు. ఇంటి పెరటి మాటే చెబుతున్నాను. ఒక మూల వదిలిపెట్టండి. అక్కడ తుమ్మి మొలిస్తే పీకకండి. రాలిన ఆకులు తగులబెట్టక చెట్టు మొదట్లో వేయండి. మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి. పురుగు మరీ ఎక్కువైతే చేత్తో ఏరివేయండి. నాలుగు రెమ్మలు దానికి వదిలినా మన చారుకు లోటు రాదు.

పునరుత్థాన ఉదయాన మగ్దల మరియమ్మ ప్రభువును చూసి తోటమాలి అనుకుంది (యోహాను 20:15). పొరబడిందంటాం. కాని మృత్యువును జయించి జీవాన్ని నిలిపిన ఆయనకు ఆ పేరు తగదా? మందు డబ్బా చేతబట్టిన నన్ను చూసి మాత్రం ఎవరూ ఆయనను తలచుకొని ఉండరు.

ఇప్పుడు మా చెట్టుకు మళ్లీ పురుగులు వచ్చాయి. వాటిని ఉండనిచ్చాం.

ప్రభువు మీ ఇంటినీ, మీ పెరటినీ దీవించును గాక. ఆమెన్.