గడప దాటే ముందు



ఉపాసకులారా, ఉపాసికలారా,

ఈసారి మాట ఒక తప్పుతో మొదలుపెడతాను. ఆ తప్పు నాదే.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని మనందరికీ తెలుసు. 1986లో 75.6 అడుగులు వచ్చినప్పటి సంగతి మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తూనే ఉంటారు. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం వైపు మా పెద్దమ్మ ఊరు. ఆ జులైలో ఇల్లు చూరు దాకా మునిగింది. నీళ్లు తీశాక ఆమె బురద ఎత్తిపోసి, గోడలు అలికి, మళ్లీ అక్కడే పొయ్యి వెలిగించుకుంది. ఇక ఇక్కడ ఉంచకూడదని మేమంతా కలిసి నిర్ణయించాం. మేమంతా అంటే మగవాళ్లం నలుగురం. ఆమెను ఎవరం అడగలేదు.

సామాన్లకు డీసీఎం వచ్చిన రోజు ఆమె గడప మీద కూర్చుంది. లేవదు. తమ్ముడు బతిమాలాడు, మరదలు ఏడ్చింది. చివరికి నేను పక్కన కూర్చుని, "నాలుగు రోజులు ఉండి చూసొద్దాం రా పెద్దమ్మా, నచ్చకపోతే నేనే తీసుకొచ్చి దింపుతా" అన్నాను. అబద్ధం. అబద్ధమని తెలిసే అన్నాను. అది చాలదన్నట్టు, "అన్నీ అనిచ్చమే కదా, ఇంటి మీద ఇంత మమకారం ఎందుకు?" అని ధమ్మం కూడా చెప్పాను. వాడల్లో పంచశీల చెప్పించేవాణ్ణి నేనే.

ఆమె నా మొహంలోకి చూసి ఒక్క మాట అంది. "అనిచ్చం నా ఇంటికేనా నాయనా? ఆ కట్టకి కాదా?"

ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ నాలుగు పేజీలు ఆ జవాబు కోసమే రాస్తున్నాను. మీలో చాలామంది ఇల్లు మారినవాళ్లు, మారబోతున్నవాళ్లు. కొందరు వరదకి, కొందరు ప్రాజెక్టుకి, కొందరు పిల్లల చదువు కోసం ఖమ్మానికో కొత్తగూడేనికో. కారణం ఏదైనా గడప దాటే రోజు ఇంట్లో గొడవ, ఏడుపు, కోపం తప్పడం లేదు. ఆ రోజున ధమ్మం మనకు ఏ పనికొస్తుంది?

అనిచ్చం ఆజ్ఞ కాదు

అనిచ్చం అంటే అన్నీ మారతాయి అని. అది ఉన్న సంగతి చెప్పడం. "నీది వదిలేసి పో" అని ఆజ్ఞ వేయడం కాదు. మనిషికి చావు సహజమే. అలాగని చంపినవాణ్ణి వదిలేస్తామా? ఇల్లు ఎప్పటికైనా కూలేదే. అలాగని దాన్ని ఎవరైనా కూల్చొచ్చు, ఎప్పుడైనా ముంచొచ్చు అని అర్థం రాదు. పంచశీలలో రెండోది ఏమంటుంది? ఇవ్వనిది తీసుకోవద్దు అంటుంది. తీసుకునేవాడు ఒక మనిషైనా, పెద్ద వ్యవస్థైనా శీలం శీలమే.

పెద్దమ్మ అన్నది కూడా నూటికి నూరుపాళ్లు ధమ్మమే. అనిచ్చం కట్టకూ వర్తిస్తుంది, జీవోలకూ వర్తిస్తుంది, జిల్లా హద్దులకూ వర్తిస్తుంది. 2014లో ఏం జరిగింది? పోలవరం ముంపు కోసమని ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు ఇప్పుడు అటు. భద్రాచలం పట్టణం ఇటు, దాన్ని ఆనుకున్న ఊళ్లు అటు. మా పెద్దమ్మ గడప దాటకుండానే ఆమె రాష్ట్రం మారిపోయింది. 45.72 మీటర్ల నీటిమట్టం మనుషులు కూర్చుని వేసుకున్న లెక్క. మనుషులు నిర్ణయించినదాన్ని మనుషులు ప్రశ్నించొచ్చు.

దుఃఖానికి కారణం ఉంటుంది, ఆ కారణం వెతకండి అన్నాడు బుద్ధుడు. ఆ కారణం పూర్వజన్మ కర్మలో కాదు, మన చుట్టూ ఉన్న ఏర్పాట్లలో కూడా వెతకమని నేర్పినవాడు బాబాసాహెబ్. నిర్వాసితుల దగ్గరకు పోయి "మమకారం వదలండి" అని చెప్పేవాడు దుఃఖం సంగతి మాట్లాడుతున్నాడు గానీ కారణం సంగతి దాచిపెడుతున్నాడు. ఆ రోజు నేను చేసింది అదే.

సిద్ధార్థుడు ఇల్లు ఎలా వదిలాడు?

ఇల్లు వదలడం అనగానే మనకు సిద్ధార్థుడు గుర్తొస్తాడు. 29 ఏళ్ల వయసులో, అర్ధరాత్రి, భార్యాబిడ్డలు నిద్రపోతుండగా చెప్పకుండా వెళ్లిపోయాడని ఊరంతా చెప్పుకునే కథ. బాబాసాహెబ్ ఆ కథను ఒప్పుకోలేదు. 1957లో వచ్చిన 'బుద్ధుడు – ఆయన ధమ్మం' తీసి మొదటి భాగం చూడండి. అక్కడ గొడవ ఒక నది గురించి. రోహిణి నీళ్ల కోసం శాక్యులు కోలియుల మీద యుద్ధానికి సిద్ధమయ్యారు. సిద్ధార్థుడు సంఘంలో లేచి వద్దన్నాడు. ఓట్లలో ఓడిపోయాడు. యుద్ధానికి రానంటే కుటుంబాన్ని వెలివేస్తాం, భూములు లాక్కుంటాం అని బెదిరించారు. శిక్ష నాకే వేయండి, నా వాళ్లకు వద్దు అని ఆయన తానే దేశం వదలడానికి ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చి తల్లిదండ్రులకు చెప్పాడు. యశోధరకు చెప్పాడు. ఆమె మాట విన్నాకే బయలుదేరాడు.

నది, భూమి, వెలి, ఇల్లు వదలడం. గోదావరి ఒడ్డున ఉన్న మనకు ఇంతకంటే దగ్గరి కథ ఏముంది? ఇందులో మనం పట్టుకోవాల్సింది రెండు. ఆయన తనది తాను వదులుకున్నాడు, ఇంకొకరిది వదిలించలేదు. వెళ్లే ముందు ఇంట్లోవాళ్లకు నిజం చెప్పాడు.

నేను పెద్దమ్మ ఇల్లు ఆమె చేత వదిలించాను. నిజం చెప్పలేదు. నాలుగో శీలం తప్పాను. మంచి కోసమే అబద్ధమాడాను అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆలోచించండి, ఆ అబద్ధం ఎవరి సుఖం కోసం? ఆమె ఏడుపు చూడలేక, డీసీఎం అతను గంట గంటకూ హారన్ కొడుతుంటే నా తొందర కోసం. కొత్త ఇంట్లో పది రోజులు ఆమె మూట విప్పలేదు. "నాలుగు రోజులన్నావు కదా" అని ఎదురు చూసింది. అబద్ధం వల్ల బాధ తగ్గలేదు. పది రోజులు ఆలస్యంగా వచ్చింది, అంతే.

పాత ఊరు అంత తీపా?

ఇక్కడ ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ముంపు అనగానే పాత ఊరు స్వర్గమైపోతుంది మన మాటల్లో. మన వాడ ఊరికి ఏ దిక్కున ఉంది? పల్లంలో ఎందుకుంది? నీళ్లు ముందు ఎవరి ఇళ్లలోకి వస్తాయి? 1947లో రాసిన 'రాష్ట్రాలు – మైనారిటీలు'లో బాబాసాహెబ్ అంటరాని కులాలకు వేరే నివాసాలు కావాలని, దానికి ఒక కమిషన్ ఉండాలని అడిగాడు. ఊరు మారడమే విముక్తి అయ్యే సందర్భాలు ఉన్నాయని ఆయనకు తెలుసు.

ఇల్లు దొరకకపోవడం ఎలా ఉంటుందో కూడా ఆయనకు తెలుసు. 1917లో విదేశీ చదువు చదివొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే, దిగిన పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. స్నేహితుల ఇళ్లలోనూ చోటు దొరకలేదు. బొంబాయి రైలు వేళయ్యేదాకా ఒక తోటలో కూర్చున్నాడు. మనలో పట్నంలో అద్దె ఇల్లు వెతికినవాళ్లకు ఆ తోట తెలుసు. "మీరేమిట్లు?" అనే ప్రశ్న, "ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం" అనే జవాబు తెలుసు. అందుకే మనకు ఇల్లు మారడం ఒట్టి సామాన్ల పని కాదు. మన తాతలు ఇంకొకరి చేను గట్టున గుడిసె వేసుకుని, పొమ్మంటే పోయినవాళ్లు. గడప మీద పెద్దమ్మకున్నది తృష్ణ అనడం తప్పు. అది గౌరవం.

ఏజెన్సీలో ఇంకో ముడి ఉంది. 1/70 చట్టం వల్ల అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అది కోయల, కొండరెడ్ల రక్షణ, ఉండాల్సిందే. అయితే వాళ్ల మధ్యనే తరాలుగా కూలి చేసి, తునికాకు కోసి, మిర్చి ఏరి బతికిన మనవాళ్లకు భూమి లేదు. భూమి లేనివాడికి ముంపు పరిహారంలో మిగిలేది ఇల్లు, ప్యాకేజీ. ఆ కోపాన్ని ఆదివాసీ మీద తిప్పడం కొందరికి లాభం. మనకు మాత్రం నష్టం. మునిగే ఊళ్లో ఇద్దరం ఒకే పడవలో ఉన్నాం. మైత్రి అంటే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవడం.

మూటలో ముందు పెట్టాల్సింది

2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పాత చట్టం కింద తీసుకున్న భూముల లెక్క వేరు కావొచ్చు, అది మీ ఊరి కాగితాల్లో చూసుకోవాలి. ఈ చట్టంలోని కొన్ని మాటలు మాత్రం ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. సాగునీటి ప్రాజెక్టుల్లో భూమి మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. కుటుంబానికి ఏడాదిపాటు నెలకు 3,000, సామాన్ల తరలింపుకు 50,000, స్థిరపడడానికి ఒకసారి 50,000 రూపాయలు. షెడ్యూల్డ్ ప్రాంతం నుంచి కదిలే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు అదనంగా ఇంకో 50,000. భర్త పోయిన స్త్రీని, విడిచిపెట్టిన స్త్రీని వేరే కుటుంబంగా లెక్కించాలి. ఇల్లు, స్థలం భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఉండొచ్చు. ఉండొచ్చు అని ఉంది కాబట్టి మనమే పట్టుబట్టి రాయించుకోవాలి. ఇది దయ కాదు. హక్కును దయ అనుకుంటే చేతులు జోడిస్తాం, హక్కు అనుకుంటే కాగితం అడుగుతాం.

అదే చట్టంలో కొత్త కాలనీలో శ్మశానం ఉండాలని ఉంది. అక్కడున్న కులాలను, వాళ్ల ఆచారాలను బట్టి ఉండాలని కూడా ఉంది. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగండి. కొత్త రోడ్లు, కొత్త కుళాయిలు, కొత్త వీధిదీపాలు, వాటి చివర పాత కులం. కాలనీలో వరసలు వేసేటప్పుడు, ఇళ్ల నంబర్లు పంచేటప్పుడు మీరు ఆ మీటింగులో ఉండండి. మళ్లీ ఊరు, వాడ గీత పడకుండా అడ్డుపడాల్సింది ఆ రోజే. తర్వాత చెరపడం కష్టం.

ఇంట్లో చేయాల్సినవి

ఇప్పుడు ఇంటి లోపలి సంగతి. అనుభవం మీద చెప్తున్నాను.

అందరూ కూర్చుని మాట్లాడండి. ముసలివాళ్లు, పిల్లలు, కోడళ్లు అందరూ. సంఘంలో చిన్న భిక్ఖువు మాట కూడా వింటారు. ఇంట్లో వినకపోతే మనం చదివే వందన ఎందుకు? వెళ్తున్నాం, తిరిగి రాం అని నిజం చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. బిడ్డ పోయిన కిసాగోతమికి బుద్ధుడు ముందే అనిచ్చం ఉపన్యాసం ఇవ్వలేదు. చావు లేని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మని పంపాడు. ఇల్లిల్లూ తిరిగి నలుగురి దుఃఖం విన్నాక ఆమెకే అర్థమైంది. కాబట్టి వెళ్లే ముందు పెద్దవాళ్లను ఊళ్లో ప్రతి గుమ్మానికీ తీసుకెళ్లండి. ఆ ఒక్కరోజు పని మానుకున్నా ఫర్వాలేదు.

ముహూర్తం చూడకండి. మంచిరోజు కోసం ఆగి వానల్లో చిక్కుకున్నవాళ్లు ఉన్నారు. బడి సెలవుల్లో, ఎండ ముదరకముందు, నది పొంగకముందు వచ్చే రోజే మంచి రోజు. బ్రాహ్మణుల చేత కర్మకాండలు చేయించం అని 22 ప్రతిజ్ఞల్లో చెప్పుకున్నాం. గృహప్రవేశం దగ్గరకొచ్చేసరికి చుట్టాల కోసం అని పంతులు, వాస్తు, దిష్టి గుమ్మడికాయ వెనక తలుపు గుండా లోపలికి వస్తాయి. ఆ ఖర్చుతో పిల్లలకు ఒక బల్ల, బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పుస్తకాలకు ఒక అలమర వస్తాయి. త్రిశరణ పంచశీల చెప్పుకుని ఇరుగుపొరుగుకు, ఏ కులమైనా సరే, అన్నం పెట్టండి.

ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, పిల్లల టీసీలు, ఇంటి పన్ను రసీదులు ఒక్క సంచిలో పెట్టి మీ చేతిలోనే ఉంచుకోండి, బండిలో వేయకండి. ముందురోజు రాత్రి మందు బాటిల్ తెరవకండి, ఐదో శీలం ఆ రాత్రికి కూడా ఉంది. మూటలు కట్టేది, పొయ్యి పెట్టేది, పిల్లల్ని సముదాయించేది ఆడవాళ్లే, బండి ఎక్కేటప్పుడు ఆజ్ఞలు మాత్రం మనవి. ఈసారి మగవాళ్లే అంట్ల బుట్ట సర్దండి. కొత్త ఇంట్లో ముందు సర్దాల్సింది టీవీ కాదు, ముసలివాళ్ల మంచం. గుమ్మం కనిపించే చోట వేయండి.

పదకొండో రోజు నేను పెద్దమ్మ దగ్గర కూర్చుని నిజం చెప్పాను. "అబద్ధం చెప్పాను, తప్పు చేశాను. ఆ ఇంటికి నిన్ను మళ్లీ దింపలేను. కానీ ఒకసారి తీసుకెళ్లి చూపిస్తా" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాతి వారం ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. ఊళ్లో నాలుగు ఇళ్లకు పోయింది, ఆ నలుగురూ ఏడ్చారు, ఆమె ఏడవలేదు. వచ్చేటప్పుడు పెరట్లోంచి కరివేపాకు పిలక ఒకటి మట్టితో సహా తవ్వి, చీర కొంగులో కట్టుకుంది. ఇంటికొచ్చాక మూట విప్పింది.

కట్ట గురించి ఆమె వేసిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది. దానికి జవాబు ఒక్క ఇంట్లో దొరకదు. మీ ఊళ్లో ముంపు మీటింగు పెట్టినప్పుడు ఆ ప్రశ్న అడగండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.