నవ్వినవారి వంతు

ఒకడు హేళన చేయును. ఒకడు తల వంచుకొనును. ముప్పదిమంది చూచి నవ్వుదురు. ఆ ముప్పదిమందికి దోషమునందు వంతు గలదా, లేదా? ఈ ప్రశ్నను నేను ధర్మశాస్త్రములలో వెదకలేదు. జహీరాబాదు ప్రాంతమందలి ఒక పాఠశాలలో, ఏడవ తరగతి గదిలో, అది నాకు ఎదురైనది.

మూడేండ్ల క్రిందట ఆ తరగతిలో నత్తిగల బాలుడొకడుండెను. తెలివిగలవాడు; దస్తూరి ముత్యములవలె నుండును. చదువుమన్నప్పుడు మాత్రము మొదటి అక్షరము నాలుకపై నిలిచిపోవును. ఒకనాడు పద్యము చదువుటకు వానిని లేపితిని. మొదటి పాదము దాటలేక వాడు అవస్థ పడుచుండగా, గంట కొట్టు వేళ సమీపించినదను తొందరలో, "కూర్చో నాయనా, మిగతాది రేపటికి పూర్తవుతుందిలే" అంటిని. తరగతి యంతయు ఘొల్లున నవ్వెను. నేనును నవ్వితిని. చమత్కారముగా మాటాడితినని లోలోపల సంతోషించితినేమో కూడ.

ఆనాటినుండి వాని పేరు 'రేపు' అయినది. ఆటస్థలమున "రేపూ, బంతి రేపు ఏస్తవా?" కుళాయి వద్ద "నీ వంతు రేపు." మధ్యాహ్న భోజనమునకు కంచము పట్టుకొని నిలిచినవానిని వెనుకకు నెట్టి "నీకు రేపు పెడ్తరు." ఇదంతయు నాకు తెలిసినది నాలుగు మాసములకు, వాడు బడి మానిన తరువాత. వాని తల్లి వచ్చి, "సారూ, పిల్లగాడు బడికి పోనంటున్నడు. అడిగితే, రేపు అంటరు అని ఏడుస్తడు. ఆ మాటేందో మాకు సమజైతలేదు" అన్నది. నాకు అర్థమైనది. ఆమెకు చెప్పుటకు మాత్రము ఆ క్షణమున నోరు రాలేదు.

ఇట్టి సందర్భములలో మనము సాధారణముగా చేయునది ప్రార్థనా సమయమున ఒక ఉపన్యాసము. "ఎవరినీ ఏడిపించరాదు" అందుము. పిల్లలందరు తల యూపుదురు. ఏలయన తాను ఏడిపించువాడనని వారిలో ఒక్కడును తలపడు. తాను ఊరక నవ్వినవాడు, అంతే.

స్వీడను, నార్వే దేశములందు 1970 దశకమునుండి ఈ విషయమును పరిశోధించిన డాన్ ఓల్వేయస్ ఏడిపించుటకు మూడు లక్షణములు చెప్పెను: నొప్పించు ఉద్దేశము, మరల మరల జరుగుట, బలమునందు అసమానత. ఈ తక్కెడలో నా మాటను తూచి చూచితిని. నాకు దురుద్దేశము లేదు, నేనన్నది ఒక్కసారి. కాని బలమో? తరగతి గదిలో ఉపాధ్యాయుని మించిన బలవంతుడెవడు? ఇక మరల మరల అనుట యందురా, ఆ పని ముప్పది నోళ్లు పంచుకొన్నవి. అనినవాడు తాను ఒక్కసారియే అంటిననుకొనును. వినినవాడు ముప్పదిసార్లు వినును. ఫిన్లాండునందు క్రిస్టినా సాల్మివల్లియు ఆమె సహచరులును 1996లో ప్రకటించిన పరిశోధనలో, ఏడిపించువానికి తోడ్పడువారిని, నవ్వి ప్రోత్సహించువారిని, దూరముగా తొలగువారిని, బాధితుని పక్షమున నిలుచువారిని వేర్వేరుగా గుర్తించిరి. మన 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బాలలను కొట్టుటనే గాక మానసికముగా వేధించుటను కూడ నిషేధించినది. బెత్తము విడిచితిమని తృప్తి చెందిన మా ఉపాధ్యాయ వర్గము నాలుకను గూర్చి అంతగా ఆలోచింపలేదు.

మరునాడు తరగతికి పోయి, ముందుగా, "ఆ పేరు పుట్టింది నా నోట. తప్పు నాది" అని చెప్పితిని. పిల్లలు నిశ్శబ్దులైరి. నెట్టినవారెవరని అడుగగా ఇద్దరి వైపు అందరి చూపులు మరలినవి. నవ్వినవారెవరని అడుగగా మెల్లమెల్లగా చేతులన్నియు లేచినవి. ఒకడు, "ఊకెనే నవ్వినం సార్. వాడు గూడ నవ్విండు" అనెను. నవ్వక వాడేమి చేయగలడు? ఏడ్చినచో ఇంకొక పేరు పుట్టును. "రెండవనాడు ఎవరూ నవ్వకపోతే ఆ పేరు మూడవనాటికి బ్రతికేదా?" అని అడిగితిని. వెనుక వరుసలోని బాలిక, "సచ్చిపోతుండె సార్" అన్నది.

అప్పుడొక చురుకైన బాలుడు, "సార్, మడివాళ మాచయ్య గారిని మడివాళ అంటం కద, అది బట్టలుతికే పని పేరే గద?" అని అడిగెను. నిజముగా మెచ్చుకొంటిని. మడివాళ, అంబిగర చౌడయ్య, నులియ చందయ్య: చాకలి, పడవ నడుపువాడు, త్రాళ్లు పేనువాడు. లోకము చిన్నచూపు చూచిన పనుల పేర్లనే బసవన్న కాలపు ఆ శరణులు సగర్వముగా ధరించిరి. "వాళ్లు తామే ధరించారు. ఈ పిల్లవాడు ధరించాడా?" అంటిని. వాడు కాసేపు ఆలోచించి, "లేదు, మనం ఏసినం" అనెను.

పిల్లల అసలు భయము వేఱు. "అడ్డం పోతే మమ్మల్ని గూడ ఏడిపిస్తరు." దీనిని కాదనలేము. కౌరవ సభలో ద్రౌపది పక్షమున వికర్ణుడు లేచి మాటాడగా కర్ణుడు వానిని బాలుడవని గద్దించెను, భీష్మద్రోణులు ఊరకుండిరి. పెద్దలు చేయలేని పనిని పండ్రెండేండ్ల వానిపై మోపుట న్యాయమా? కావున వీరత్వము నడుగలేదు. నవ్వవద్దు, భోజనమున వాని ప్రక్కన కూర్చుండుడు, మాతో చెప్పుడు, ఇంతియే అడిగితిని. చెప్పుట చాడీ యగునేమోయని కొందరు సందేహించిరి. ఒకనికి దెబ్బలు తినిపించుటకు చెప్పినది చాడీ. ఒకనిని ఆపదనుండి తప్పించుటకు చెప్పినది చాడీ కాదని వివరించితిని. అందరును నమ్మిరని చెప్పలేను.

ఆ సాయంత్రమే వాని ఇంటికి పోయి, తల్లి యెదుటనే, ఆ మాట ఎక్కడినుండి వచ్చినదో చెప్పి క్షమాపణ కోరితిని. ఆమె ఏమియు అనలేదు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చినది. ఎనిమిది దినములకు వాడు బడికి వచ్చెను. 'రేపు' అను పేరు పిమ్మట రెండు మూడుసార్లు నా చెవిని పడినది గాని దానికి నవ్వు తోడు కాలేదు.

వాడిప్పుడు పదవ తరగతి. నత్తి అట్లే యున్నది. పద్యము నడుగుటకు ముందు, "చదువుతావా, వ్రాసి చూపుతావా?" అని అడుగుచున్నాను. ఎక్కువ మార్లు వ్రాసియే చూపును.