శ్లోకంలో రెండో సగం

మా తమ్ముడి పదో రోజు. రాజమండ్రి కోటిలింగాల రేవులో మెట్ల మీద నిలబడి ఉన్నాను. కింద వాడి కొడుకు ధర్మోదకాలు వదులుతున్నాడు. బంధువుల్లో ఒక పెద్దాయన పక్కాయనతో అంటున్న మాట నా చెవిన పడింది. "చుక్క ముట్టకుండా లివరు పాడవుతుందటయ్యా? మనకేం తెలుసు!" పక్కాయన సర్దిచెప్పాడు. "తాగలేదంటే పూర్వజన్మలో చేసుకున్నదేదో ఉండుంటుంది లెండి."

మొదటి మాటకి కోపం వచ్చింది. రెండో మాటకి తల దించుకున్నాను. నలభై ఏళ్లుగా పౌరోహిత్యం చేస్తున్నాను. శుభమూ అపరమూ రెండూ చేయిస్తాను. ఆ రెండో మాట ఎన్ని ఇళ్లలో, ఏడుస్తున్న ఎంతమంది ముందు నా నోటితో నేనే అన్నానో లెక్కలేదు. ఓదార్పు అనుకునే అన్నాను. వినేవాళ్లకి అది ఎక్కడ తగులుతుందో ఆ మెట్ల మీద తెలిసింది.

తమ్ముడు నాకన్నా ఐదేళ్లు చిన్న. 1967లో పుట్టాడు. కృష్ణయజుర్వేదం చదువుకుని కోనసీమలో ఒక ఊరి శివాలయంలో అర్చకత్వం చేసుకునేవాడు. కాఫీ తప్ప మరో అలవాటు లేదు. 2017 కార్తీకంలో కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. నెలంతా అభిషేకాలకి నిలబడ్డాడు కదా, అందుకే అనుకున్నాం. తర్వాత చేతులు పుల్లల్లా అయిపోతూ పొట్ట మాత్రం పెరగడం మొదలుపెట్టింది. స్కానింగులో కాలేయం గట్టిపడి కుంచించుకుపోయిందని, పొట్టలో నీరు చేరిందని తేలింది. మన పాత వైద్యులు జలోదరం అన్నది దీన్నే. ఉప్పు తగ్గించమన్నారు, సూదితో నీరు తీశారు. అడిగిన మొదటి ప్రశ్న మాత్రం అందరిదీ ఒకటే: ఎన్నాళ్లుగా తాగుతున్నారు? వాడు ప్రతిసారీ "లేదండీ" అనేవాడు. నాలుగోసారికి ఆ "లేదండీ"లో గొంతు బాగా తగ్గిపోయింది.

2018 వేసవిలో ఒక తెల్లవారుజామున మరదలు ఫోన్ చేసింది. "బావగారూ, నాలుగు రోజులుగా రాత్రిళ్లు నిద్ర లేదు, పగలంతా మగత. నిన్న అభిషేకంలో నమకం ఐదో అనువాకం దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటికి వచ్చారు. మూడుసార్లు అలాగే. నన్ను చూసి అమ్మా అని పిలిచారు" అంది. నేను వెళ్లేసరికి గాలి సోకిందని ఎవరో తాయెత్తు కట్టి ఉన్నారు. కారులో పడుకోబెట్టి ఆసుపత్రికి తెచ్చాం. రెండు చేతులూ ముందుకి చాపి, మణికట్లు పైకెత్తి పట్టుకోమన్నాడు డాక్టరు. చేతులు నిలబడలేదు. పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టు పడుతూ లేస్తూ ఉన్నాయి. మనం తిన్నదాంట్లోంచి పేగుల్లో అమ్మోనియా పుడుతుందని, మామూలుగా దాన్ని కాలేయం శుభ్రం చేస్తుందని, అది చేయలేనప్పుడు ఆ విషం నెత్తురుతో పాటు మెదడుకి చేరుతుందని చెప్పాడు. ఇచ్చిన మందు లాక్టులోజ్ అనే తియ్యటి సిరప్. రోజుకి రెండు మూడు విరేచనాలు అయ్యేట్టు పట్టించాలి. ఇంతే వైద్యమా అనిపించింది నాకు.

మూడో రోజు పొద్దున నేను టీ తెచ్చుకుని వార్డులోకి వస్తుంటే సన్నగా నమకం వినిపించింది. మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఐదో అనువాకం దాటాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పదకొండూ పూర్తి చేశాడు. స్వరం ఎక్కడా తప్పలేదు. పక్క మంచం మీద, మెళ్లో సిలువ ఉన్న ముసలాయన చేతులు జోడించి వింటున్నాడు.

ఆ మూడు రోజులూ వాడి వేదం ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్నకి ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో జవాబు ఉంది. నేను ఎన్నోసార్లు చదివి దాటిపోయిన కథ. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుని పదిహేను రోజులు మంచినీళ్లు మాత్రమే తాగి ఉండమంటాడు. ఆ తర్వాత ఋక్కులు చెప్పమంటే కుర్రవాడికి ఒక్కటీ తోచదు. అన్నం తిని వచ్చాక అన్నీ తోస్తాయి. మనసు అన్నంతో అయినదని తండ్రి అలా తెలియజెప్తాడు. అంటే బుద్ధి కూడా దేహం చేతిలో ఉన్నదే. పన్నెండేళ్లు వల్లె వేసిన వేదం కిలోన్నర బరువు కూడా ఉండని ఒక అవయవం పనిచేస్తేనే నోటికి వస్తుంది. ఆత్మకి ఏ మరకా అంటదని రోజూ చెప్పే నేను, దేహానికి వచ్చిన రోగాన్ని పట్టుకుని ఆ మనిషి ఆత్మ మీద మరక ఎలా వెతికాను?

ఇక ఎందుకొచ్చిందన్న సంగతి. నెత్తురు పరీక్షలో హెపటైటిస్ బి అని తేలింది. ఇంటిల్లిపాదినీ పరీక్ష చేయించుకోమన్నారు. నాకు లేదు. తమ్ముడికి ఉంది, మా చెల్లెలికి ఉంది, మా అమ్మకి ఉంది. అమ్మకి ఎలా వచ్చిందో తెలుసుకునే దారి ఇప్పుడు లేదు. ఊరందరికీ ఒకే సూది ఉడకబెట్టి పొడిచిన రోజులు ఆవిడవి. నేను పుట్టాక, తమ్ముడు పుట్టేలోపు ఎప్పుడో చేరి ఉండవచ్చన్నాడు డాక్టరు. ఈ వైరస్ పెద్దవాళ్లకి సోకితే నూటికి తొంభై అయిదుగురిలో ఒళ్లే దాన్ని తరిమేస్తుంది. పుట్టేటప్పుడు తల్లి నుంచి బిడ్డకి సోకితే నూటికి తొంభై మందిలో ఉండిపోతుంది. దశాబ్దాల పాటు ఏ నొప్పీ లేకుండా ఉండి, కొందరిలో కాలేయాన్ని గట్టిపరుస్తుంది, కొందరిలో క్యాన్సర్ అవుతుంది. అమ్మకి ఎనభై దాటినా ఏమీ కాలేదు.

ఆవిడ ముందు ఈ మాట ఎత్తకూడదనుకున్నాం. ఎవరు చెప్పారో గానీ ఆవిడకి తెలిసిపోయింది. ఒక సాయంత్రం పడక్కుర్చీలో కూర్చుని ఒత్తులు చేసుకుంటూ, తలెత్తకుండా అడిగింది. "నాన్నా, వాడికి నా వల్లే వచ్చిందా? నేనేం పాపం చేశానురా?"

నాకు శ్లోకం వచ్చు. పూర్వజన్మలో చేసిన పాపం ఈ జన్మలో రోగమై బాధిస్తుందన్న శ్లోకం మా వృత్తిలో అందరికీ నోటికి వచ్చు. అది ఆవిడకి ఎలా చెప్పను? చెప్తే ఆ పాపం ఎవరి ఖాతాలో రాయను? కన్నందుకు ఆవిడ ఖాతాలోనా, పుట్టినందుకు వాడి ఖాతాలోనా? ఒకే కడుపున ముందు పుట్టి తప్పించుకున్న నాకు ఏ పుణ్యం జమ కట్టను? "నీ తప్పేం లేదమ్మా" అని ఆవిడ చేతిలో పత్తి తీసుకున్నాను. ఇంకేమీ అనలేకపోయాను.

ఆ రాత్రి ఆ శ్లోకాన్ని చివరిదాకా చెప్పుకున్నాను. దానికి రెండో సగం ఉంది. ఆ బాధకి శాంతి ఎలాగో అందులో ఉంది: ఔషధాలు, దానాలు, జపం, హోమం, దేవతార్చన. ఆ వరసలో మొట్టమొదటి మాట ఔషధం. మేం మొదటి సగం చెప్పి జపహోమాలకి గెంతుతాం. మందు మాట మధ్యలో జారిపోతుంది. ఆ శ్లోకం చేసినవాడు రోగి మంచం పక్కన కూర్చుని పాపం లెక్కపెట్టమని చెప్పలేదు. మందు వెతకమని చెప్పాడు.

వేదం ఇంకా దయగా ఉంది. మహాసౌరంలో మేం రోజూ సూర్యుడికి చెప్పుకునే ఋక్కుల్లో, ఒంటికి పట్టిన పచ్చదనాన్ని తీసేసి చిలకల్లో పెట్టమని ఒక ప్రార్థన ఉంది. కామెర్ల గురించే అది. ఏం పాపం చేశావని రోగిని అక్కడ ఎవరూ అడగలేదు. చిలకలు ఎలాగూ పచ్చగానే ఉంటాయి, వాటికి బాధ లేదు, ఈ పసుపు వాటికి ఇచ్చెయ్యి అంటాడు ఋషి.

చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు గురువుని సూటిగా అడుగుతాడు, ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా అని. అన్నీ నిర్ణయమే అయితే వైద్యం దేనికి, జాగ్రత్త దేనికి అంటాడు ఆత్రేయుడు. దైవమూ ఉంది, పురుష ప్రయత్నమూ ఉంది. బండి ఇరుసు సరిగ్గా వాడుకుంటే దాని కాలానికి అది అరుగుతుంది, అతిబరువు వేస్తే, గతుకుల్లో తోలితే ముందే విరుగుతుంది. అదే అధ్యాయంలో గాలి, నీరు, నేల, కాలం చెడితే ఊళ్లకి ఊళ్లే రోగాల పాలవుతాయని కూడా ఉంది. వానాకాలం మురుగు మంచినీటి గొట్టంలో కలిస్తే వీధంతా కామెర్లు వస్తాయి, హెపటైటిస్ ఎ, ఇ రకాలు. వీధంతా కలిసి ఒకే పాపం చేసిందని ఎవరనగలరు? ఈ రెండూ చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పేరు పసరు మందుకో, చేతి మీద పెట్టిన వాతకో పోతుంది. గర్భిణికి ఇ రకం వస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు పసరు కోసం ఊళ్లు తిరగడమే నిజమైన పాపం.

మా వీధి చివర బియ్యం బస్తాలు మోసే హమాలీ ఒకాయన ఉండేవాడు. ఆయన తాగేవాడు, తాగే పోయాడు. ఆ అపరం నేనే చేయించాను. మా తమ్ముడి గురించి గుసగుసలాడిన నోళ్లు ఆయన విషయంలో బాహాటంగానే అన్నాయి, చేసుకున్నవాడికి చేసుకున్నంత అని. ఇరవై ఏళ్లు వీపు మీద బస్తాలు మోసి, సాయంత్రానికి ఒళ్లు నొప్పి తెలియకుండా ఉండటానికి తాగిన మనిషి. అంతే తాగిన ఆయన జట్టువాళ్లు కొందరు ఇప్పటికీ బస్తాలు మోస్తున్నారు. తాగుడు కాలేయానికి విషమే, ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను. కానీ అదే కర్మకి ఒకరికి ఒక ఫలం, ఇంకొకరికి ఇంకో ఫలం వస్తుంటే, ఆ లెక్క మన చేతికి వచ్చిందని ఎలా అనుకుంటాం? కర్మ పోకడ అంతుపట్టనిదని గీత నాలుగో అధ్యాయంలో భగవంతుడే అన్నాడు.

నిజానికి మా ఇంట్లో స్వయంకృతం ఉన్నది నాకు. ఆ పరీక్షలప్పుడే నా కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. పెళ్లిళ్ల సీజన్లో రెండు పూటలా విందులు, బూరెల మీద నెయ్యి, పీటల మీద కూర్చోవడం తప్ప నడక లేకపోవడం. ప్రజ్ఞాపరాధం అన్నాడు చరకుడు, తెలిసి తెలిసీ చేసే తప్పు. నా విషయంలో ఆ మాట అక్షరాలా సరిపోయింది. కానీ నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పురోహితుడి పొట్టని చూసి పూర్వజన్మ ఎవరికీ గుర్తు రాదు. నాకు తెలిసొచ్చింది ఇది: కర్మ సిద్ధాంతం నన్ను నేను ప్రశ్నించుకోవడానికి ఇచ్చినది. నేనేం చేశాను, ఇకనైనా ఏం చేయాలి అని. దాన్ని తీసుకెళ్లి ఇంకొకరి మంచానికి వేలాడదీసే అధికారం శాస్త్రం ఎవరికీ ఇవ్వలేదు. రోజూ గోదావరి గట్టు మీద నడుస్తున్నాను. ఏడు కిలోలు తగ్గాను.

తమ్ముడికి కాలేయ మార్పిడి ఒక్కటే దారన్నారు. సగం పైన కోసి ఇచ్చినా ఇచ్చినవాళ్లకి కొన్ని నెలల్లో పెరుగుతుందట. కొడుకు ఇస్తానని ముందుకొచ్చాడు. పరీక్షలు జరుగుతుండగానే, 2019లో, అన్నవాహికలో ఉబ్బిన నరాలు పగిలి నెత్తురు కక్కుకున్నాడు. రెండు రోజులే ఉన్నాడు.

వాడికి ఏం కొరవడిందో ఇప్పుడు నాకు తెలుసు. ఒక టీకా. వాడు పుట్టిన 1967లో అది ప్రపంచంలో ఎక్కడా లేదు. మన దేశంలో మొదటిసారి దాన్ని తయారుచేసింది 1997లో, మన హైదరాబాదులోనే. వరప్రసాద్ రెడ్డి గారు పెట్టిన ఆ సంస్థ పేరు శాంతా బయోటెక్నిక్స్, శాంత అన్నది ఆయన తల్లి పేరు. ఆ సంగతి మా అమ్మకి చెప్తే "తల్లి పేరు నిలబెట్టాడు" అని చాలాసేపు ఊరుకుంది. ఈ వైరస్ ఉన్నవాళ్లకి మందులు 2018లో మొదలైన ప్రభుత్వ పథకంలో ఉచితంగా ఇస్తున్నారు. మా చెల్లెలు రోజుకొక మాత్ర వేసుకుంటోంది, కులాసాగా ఉంది. అమ్మకి మందు అక్కర్లేదన్నారు, ఆరు నెలలకోసారి పరీక్ష చాలట.

పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకి పడాల్సిన టీకా అది. మన ఇళ్లలో బిడ్డ పుట్టగానే ముందు ఫోన్ వచ్చేది నాకే, నక్షత్రం చూడమని. పురుడు వెళ్లేదాకా సూది ఎందుకండీ అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పురుటికీ సూదికీ సంబంధం లేదు, ఏ శాస్త్రంలోనూ లేదు, పురోహితుడిగా చెప్తున్నాను. కడుపుతో ఉన్నప్పుడే తల్లికి హెపటైటిస్ బి పరీక్ష చేయించండి. బిడ్డ పుట్టిన రోజే టీకా వేయించండి. నాకు ఫోన్ చేసినవాళ్లని నేను జనన సమయం రాసుకునే ముందు ఇంజక్షను పడిందా అని అడుగుతాను. పడిందన్నాకే పంచాంగం తీస్తాను.