దీపములో నూనె, బండిలో కరెంటు

ధ్యానమునకు: మత్తయి 25వ అధ్యాయము, లేవీయకాండము 19:9–10



ఖమ్మమునుండి వైరామీదుగా వచ్చు రోడ్డు తల్లాడవద్ద చీలి, ఒకటి సత్తుపల్లి వైపునకును, మరియొకటి కొత్తగూడెము వైపునకును పోవుచున్నది. ఒకప్పుడు ఎద్దుబండ్లు నడిచిన ఈ ప్రాంతపు దారులలో ఇప్పుడు పెట్రోలు బండ్ల నడుమ కరెంటుతో నడుచు కార్లు, ఆటోలు, స్కూటర్లు కూడ తిరుగుచున్నవి. వాటిని కొనదలచినవారు ముందుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు: దీనిని దినదినము నింపుకొనుట సదుపాయముగా నుండునా? ఇది అంగడి ప్రశ్నయే గదా, సంఘ పత్రికలో దీనికి చోటేల అని కొందరనవచ్చును. అయితే మనిషి దేనిని సదుపాయమనుచున్నాడో, దేనిని కష్టమనుచున్నాడో చూచినయెడల అతని హృదయము తెలియును. గనుక ఈ సంగతిని వాక్యపు వెలుగులో కొంచెము యోచింతము.

మొదట లెక్క చూతము. పెట్రోలు బంకులో కారు నింపుటకు ఐదు నిమిషములు చాలును. ఇంటి గోడకుండు 15 ఆంపియర్ల ప్లగ్గునుండి గంటకు సుమారు 3 యూనిట్ల కరెంటు బండిలోనికి పోవును. 30 యూనిట్లు పట్టు చిన్న కారునకు పది గంటలు కావలెను. యూనిట్టుకు ఆరేడు కిలోమీటర్లు నడుచును గనుక, ఒక రాత్రి నింపినదానిలో సగముతోనే తల్లాడనుండి ఖమ్మము పోయి రావచ్చును. పెద్ద రోడ్లప్రక్కన వేగముగా నింపు యంత్రములున్నను, అచ్చట సయితము తరచుగా ముప్పాతిక గంటయో, గంటయో ఆగవలసి యుండును.

ఇట్లు చూచిన పెట్రోలే గెలిచినట్లు కనబడును. కాని ఆ పది గంటలలో మనము చేయుపని ఏమి? తీగ తగిలించి నిద్రపోవుటయే. ప్రొద్దున లేచునప్పటికి బండి సిద్ధముగా నుండును. బంకు వెదకుకొని పోనక్కరలేదు. కాబట్టి భేదము గంటలలో లేదు. పెట్రోలు బండి మరచిపోయినవానిని ఐదు నిమిషములలో క్షమించును. కరెంటు బండి ముందురాత్రి జ్ఞాపకముంచుకొన్నవానికి మేలు చేయును. మరచినవానిని తెల్లవారిన తరువాత కూర్చుండబెట్టును.

ఇది మన పెద్దలకు క్రొత్త సంగతి కాదు. డోర్నకల్ బిషప్పుగా 1912లో అభిషేకము పొంది, 1945లో ప్రభువునందు నిద్రించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు ఎద్దుబండిమీద పల్లెలు తిరిగి సువార్త ప్రకటించిరి. ఎద్దుకు బంకు లేదు. రాత్రి గాటివద్ద మేత వేసి, కుడితి పెట్టి, విశ్రాంతి ఇచ్చినయెడలనే తెల్లవారుజామున కాడి మోయును. సాయంకాలము దానిని మరచినవాడు ఉదయము దానిని కొట్టి లాభమేమి? తన పశువు ప్రాణమును ఎరిగి దయచూపువాడే నీతిమంతుడని సామెతలు 12:10 మనకు బోధించుచున్నది. దారిలో ఎక్కడనైనను క్షణములో నింపుకొనవచ్చుననునది పెట్రోలుతో వచ్చిన అలవాటు. కరెంటు బండి మనలను మరల గాటియొద్దకు తీసికొని వచ్చినది.

ఇప్పుడు పదిమంది కన్యకల ఉపమానము చూడుడి. అందరియొద్దను దివిటీలున్నవి, అందరును కునికి నిద్రించిరి. నిద్ర తప్పు కాలేదు. నూనె సమకూర్చుకొని నిద్రించినవారికిని, సమకూర్చుకొనకయే నిద్రించినవారికిని మాత్రమే భేదము. అర్ధరాత్రి కేక వినబడినప్పుడు బుద్ధిలేనివారు అమ్మువారియొద్దకు పోవలసి వచ్చెను. వారు తిరిగి వచ్చునంతలో తలుపు వేయబడెను. అంగడి ఉన్నది గదా, అప్పుడు చూచుకొందమను ధైర్యమే వారిని చెరిపినది. ప్రార్థనయు, వాక్యధ్యానమును ఇట్టివే. ఆపద వచ్చిన ఘడియలో ఐదు నిమిషములలో భక్తిని నింపుకొని పోవుటకు ఏ బంకును లేదు. దినదినము, ఎవరును చూడనివేళ, నిదానముగా నింపబడినదే ఆ రాత్రి వెలుగును.

అయితే కరెంటు బండి కొన్నవాడు జ్ఞానియనియు, పెట్రోలు బండివాడు అవివేకియనియు ఎవరును అనుకొనరాదు. అద్దె బండి నడుపుకొనువాని దినము అతని చేతిలో లేదు. రాత్రియంతయు బండి నిలుపుమనుట అతనికి అన్నము మానుమనుటయే. దూరపు ప్రయాణము తరచుగా చేయువారికి పెట్రోలు సదుపాయమనుట సత్యమే. నెమ్మదిగా నుండుటకు వీలున్నవాడు, వీలులేనివానికి ఓర్పును గూర్చి బోధింపరాదు.

ఇంకొక సంగతి మరింత బరువైనది. బంకులో నూరు రూపాయల నోటు ఎవరిదైనను ఒక్కటే; నీకు ఇల్లున్నదా, వాకిలున్నదా అని అక్కడ అడుగరు. ఇంటివద్ద నింపుకొను సదుపాయము ఎవరికి? సొంత ఇల్లు, బండి నిలుపు స్థలము, మంచి వైరింగు, తన పేర మీటరు గలవారికి. అద్దె గదిలో నుండి ఆటో నడుపుకొను సహోదరునికి ఇంటి యజమాని తీగ వేయనీయకపోవచ్చును. ప్రభుత్వము 2024 నవంబరు 18 నుండి తెలంగాణలో కరెంటు బండ్లకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించినది. అయినను తీగ తగిలించుటకు గోడ లేనివానికి ఈ మేలు సగమే. మనకు సులభమైనది అందరికిని సులభమని తలంచుట ధనవంతుని వాకిట లాజరు కనబడకపోవుట వంటిది.

మరియు, ఎవరి మీటరు తిరుగుచున్నదో చూచుకొనవలెను. పెట్రోలు దొంగిలించిన సీసా కనబడును. కరెంటు దొంగిలించిన గుర్తు కనబడదు. ఆఫీసు గోడకు, బడి గోడకు, దేవాలయపు గోడకు అడుగకుండ తీగ తగిలించి, "ఎంతలే" అనుకొనుట సులభము. సంఘపు బిల్లు విధవరాలి కానుకలోనుండి కూడ చెల్లింపబడుచున్నదని మరువరాదు. కాపరి గారి బండిని సంఘపు మీటరుమీద నింపుట సంఘమునకు ఇష్టమైనయెడల, కమిటీలో చెప్పి, లెక్కలో వ్రాసి చేయవలెను. అది ప్రేమ. చెప్పక చేసినది ఎనిమిదవ ఆజ్ఞకు లోబడినది కాదు.

పొగ లేదు గనుక పాపము లేదనుటయు తొందరపాటే. మన కరెంటులో ఎక్కువ భాగము ఇంకను బొగ్గునుండియే వచ్చుచున్నది. సత్తుపల్లిలో సింగరేణివారి గనులున్నవి. పాల్వంచలోను, మణుగూరు ప్రాంతమందును బొగ్గుతో కరెంటు పుట్టించు కేంద్రములున్నవి. పట్టణపు వీధిలో లేని పొగ ఎవరి పల్లెమీదనో ఉన్నది. సూర్యరశ్మినుండి వచ్చు కరెంటు పెరిగిన కొలది ఈ భారము తగ్గును. అంతవరకు మన సదుపాయమునకు భూమి ఇచ్చినవారిని, గనిలోనికి దిగువారిని కృతజ్ఞతతో తలంచుకొనుట మన ధర్మము.

అట్లైన ఏమి చేయవలెను? బుద్ధిగల కన్యకలు నూనె పంచలేదు. దానినిబట్టి, "నాది నాకే" యనుట న్యాయమా? అదే అధ్యాయమును చివరివరకు చదువుడి. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టినది, పరదేశిని చేర్చుకొనినది తనకే చేసినట్లని ప్రభువు అక్కడ చెప్పుచున్నాడు. సిద్ధపాటును ఆఖరి గడియలో అప్పియ్యలేము. అన్నమును, చోటును ముందుగానే పంచవచ్చును. పంచవలెను.

ఇశ్రాయేలీయులు పంట కోయునప్పుడు పొలము మూలలను బీదలకును పరదేశులకును విడువవలెనని ధర్మశాస్త్రము విధించెను. మన ఇంటి ప్లగ్గును నేటి పొలము మూలయే. పగలు బండి లేని వేళ ప్రక్కింటి ఆటో సహోదరుని తీగ తగిలించుకొననిచ్చి, సరియైన ఖర్చు మాత్రము తీసికొనవచ్చును. బహు బీదయైనయెడల అదియు విడువవచ్చును. బండ్లకు కరెంటు నింపుటకు ప్రత్యేక లైసెన్సు అక్కరలేదని కేంద్ర ప్రభుత్వము 2018లోనే తెలియజేసినది. స్థలమున్న సంఘములు ఎర్తింగు సరిగా వేయించి, వేరు మీటరు పెట్టించి, దేవాలయపు ఆవరణలో అందరి కొరకు ఒక చోటు ఏర్పరచుటను గూర్చి యోచింపవచ్చును. మరియు సంఘములో కారున్నవారు, అది ఏ కారైనను, రాత్రివేళ కొంత నింపియే ఉంచుట మంచిది. పురిటి నొప్పులును, పాముకాటును తెల్లవారువరకు ఆగవు.

నాకు సదుపాయమా అని అడుగుట తప్పు కాదు. అంతటితో ఆగుట తప్పు. ఇది నా పొరుగువానికి ఏమగును అని కూడ అడిగినవాడే ఫిలిప్పీ 2:4లోని బుద్ధిని నేర్చుకొనినవాడు.

ప్రార్థన: ప్రభువా, నీవు వచ్చు గడియ మాకు తెలియదు. దినదినము నీ సన్నిధిలో నింపబడుటకు మాకు ఓర్పు దయచేయుము. మా ఇంటి వెలుగులో పొరుగువానికి చోటిచ్చు మనస్సును మాకు అనుగ్రహించుము. ఆమేన్.