పాలగిన్నె నిండుగా తిరిగివచ్చిన నాడు



తెలుగున 'ఒత్తిడి' యను మాట 'ఒత్తు' నుండి పుట్టినది. ఒత్తుట యనగా నొక్కుట. అక్షరము క్రింద చేరు వ్రాతకును పెద్దలు ఆ పేరే పెట్టిరి. ఒత్తు లేనిదే 'అమ్మ' యని వ్రాయజాలము, 'అయ్య' యని పిలువజాలము. కనుక ఒత్తెల్ల చెడ్డదని చెప్పరాదు. అయితే ఒక్క అక్షరము క్రింద నాలుగైదు ఒత్తులు చేర్చినచో ఆ అక్షరమును పలుకుటకు నోరు తిరుగదు. నేడు మన యిండ్లలో కళాశాల చదువులు చదువుచున్న బిడ్డల స్థితి ఇట్లున్నది. ఈ విషయమును బసవబోధ వెలుగులో కొంత విచారింతము.

మా గుండ్లపోచంపల్లి సికింద్రాబాదు నుండి మేడ్చల్ పోవు రైలుమార్గముమీద బొల్లారము దాటిన పిమ్మట వచ్చును. ఒకప్పుడు ఇది సేద్యపు గ్రామము. నేడు దుస్తుల తయారీ పార్కు వచ్చినది, మేడలు లేచినవి. దాపుననే మైసమ్మగూడలో ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాదు, మేడ్చల్ నడుమ ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలైనవి. ఈ ప్రాంతపు పిల్లలలో కొందరు మైసమ్మగూడకు, కొందరు కూకట్‌పల్లిలోని జె.ఎన్.టి.యు.కు, కొందరు 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఇంటినుండియే పోయి వచ్చుచున్నారు. హాస్టలు ఖర్చు తప్పినది, ఇంటి అన్నము దొరకుచున్నది, బిడ్డ కన్నులయెదుటనే యున్నాడని తల్లిదండ్రులు సంతోషింతురు. ఆ సంతోషము న్యాయమైనదే.

అయితే ఇంటినుండి చదువు బిడ్డకు రెండు కొలువులుండును. పగలు కళాశాల కొలువు. హాజరు 75 శాతమునకు తగ్గరాదు, ల్యాబు రికార్డు గడువు దాటరాదు, మిగిలిపోయిన సబ్జెక్టులు తరువాతి సెమిస్టరు మీద పడును, నాలుగవ ఏట ఉద్యోగపు ఎంపికలు వచ్చును. సాయంత్రము ఇంటి కొలువు. గ్యాసుబండ తెప్పింపవలెను, నాయనమ్మను ఆసుపత్రికి తీసికొనిపోవలెను, తమ్మునికి లెక్కలు చెప్పవలెను. ఉన్నది ఒక హాలు, అందులోనే టీవీ, అందులోనే చుట్టములు. హాస్టలులోని పిల్లవాడు పరీక్ష తప్పినచో ఆ రాత్రి తోటివారి నడుమ ఏడ్చి, తెల్లవారి ధైర్యము తెచ్చుకొని, అటుపిమ్మట ఇంటికి చెప్పును. ఇంటనున్న బిడ్డకు ఆ ఒక్క రాత్రి వ్యవధి లేదు. బస్సు దిగి గడప త్రొక్కులోపలనే ముఖము సవరించుకొనవలెను. 'ఇంటనే యున్నాడు గదా, వానికేమి చింత?' యని మనమందుము. ఇంట నుండుట వేరు, ఇంటివారితో మనసు విప్పి మాటలాడుట వేరు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన గొడగూచి కథ మనకందరికి తెలిసినదే. తండ్రి ఊరికి పోవుచు, ప్రతిదినము శివునకు పాలు నివేదింపుమని చిన్నబిడ్డకు పని అప్పగించెను. ఆ ముగ్ధ గిన్నెడు పాలు గుడికి కొనిపోయి శివుని త్రాగుమనెను. శివుడు త్రాగలేదు. బ్రతిమాలెను, బొమ్మలిత్తునని ఆశ చూపెను, ఏడ్చెను. పాలు తరుగలేదు. నిండు గిన్నెతో ఇంటికి పోయినచో తండ్రి కోపించునని బెదరి, ప్రాణము విడుచుటకు సిద్ధపడెను. అప్పుడు శివుడు ప్రత్యక్షమై బిడ్డను ఆపి పాలు త్రాగెను. తండ్రి తిరిగివచ్చి ఈ మాట నమ్మలేదు. పాలు నీవే త్రాగితివనెను. గుడికి తీసికొనిపోయి, నాయెదుట త్రాగింపుమనెను. శివుడు ఊరకుండెను. తండ్రి ఆగ్రహింపగా బిడ్డ పరుగిడి శివునిలో చొచ్చెను. పట్టుకొనబోయిన తండ్రి చేతికి ఆమె వెండ్రుకలు మాత్రమే చిక్కినవని కథ.

ఈ కథను మనము భక్తిమహిమగా చదువుదుము, చదువవలయును. కాని తల్లిదండ్రులు దీనిని ఒకసారి ఆ తండ్రి వైపునుండి చదువుకొనవలెనని నా మనవి. ఆయన క్రూరుడు కాడు, భక్తుడే. బిడ్డను నమ్మియే పని అప్పగించెను. అయినను ఆ బిడ్డ శివునికి భయపడలేదు, తండ్రికి భయపడినది. పని జరుగలేదని చెప్పుటకంటె ప్రాణము విడుచుట సులభమని ఆమెకు తోచినది. ఎందుచేత? నిండు గిన్నెతో తిరిగివచ్చిన బిడ్డకు ఆ యింట చోటున్నదని ఆమెకు ఎవరును ముందుగా చెప్పియుండలేదు. ఈ కథలో బిడ్డలు గ్రహింపవలసినది శివుడు ఆపిన ఘట్టము. ప్రాణము మీదికి తెచ్చుకొనబోయిన చేతిని పట్టుకొనుటకే శివుడు ముందు వచ్చెను, పాలు తరువాత త్రాగెను. కథ ముగింపు బిడ్డలకు చూపిన దారి కాదు, పెద్దలకు చేసిన హెచ్చరిక.

ఇది పురాణకాలపు మాట యని త్రోసివేయ వీలులేదు. మన తెలంగాణమున 2019 ఏప్రిల్ 18న ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత కొలది దినములలోనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఒక మరణమునకు కారణమొక్కటియే యని ఎవరును తేల్చి చెప్పరాదు. పెక్కు కారణములు కలిసివచ్చును. అయితే ఆ ఫలితములలోనే తప్పులు దొర్లినవని పిదప తేలెను. తప్పిన వారందరి పత్రములను ప్రభుత్వము ఉచితముగా మరల పరిశీలింపజేయగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులని బయటపడినది. మంచిర్యాల జిల్లాలో ఒక విద్యార్థినికి తెలుగున సున్నయని వచ్చినది. తిరిగి చూడగా ఆమెకు వచ్చినవి 99 మార్కులు. తెలుగు చెప్పి బ్రతుకువాడను గనుక ఈ సంగతి నా మనసును మరింత తాకినది. సున్నకును తొంబదితొమ్మిదికిని భేదము తెలియని కాగితము బిడ్డ విలువను ఎట్లు తూచగలదు? ఆ కాగితము సరియైనదే యైనను అది తూచునది ఆ మూడు గంటల వ్రాతను మాత్రమే.

బసవేశ్వరుని సమకాలమున కల్యాణమందు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను దంపతులుండిరి. బసవని ముంగిట రాలిన బియ్యపుగింజలు ఏరుకొనివచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇది మనకు తగినంత కాదు, ఆశ కొలదియైనది, తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెను. అధికమును కాదనగల ధైర్యము ఆ యింటికుండెను. నేడు మన యిండ్లలో లక్కమ్మలు ఎందరు? ఒక డిగ్రీ చాలదు, దానితోపాటు కంప్యూటరు కోర్సు, ఆపై ఆంగ్ల సంభాషణ తరగతి, ఆపై అమెరికా పరీక్ష, ఇవి చాలక పెదనాన్నగారి అబ్బాయి జీతముతో పోలిక. బిడ్డ మోయగలిగినది ఎంత, మనము నెత్తికెత్తినది ఎంత యని ఒకసారి తూచి చూచి, అధికమైనదానిని తిరిగి పోసి రమ్మనుటయును గృహధర్మమే.

శాస్త్రము కూడ ఈ మాటనే చెప్పుచున్నది. 1908లో యెర్క్స్, డాడ్సన్ అను అమెరికా పరిశోధకులిద్దరు ఎలుకలకు పని నేర్పి చూచిరి. కష్టమైన పని నేర్చునప్పుడు మితమైన ఒత్తిడి మేలుచేసినది, తీవ్రమైనది నేర్పును చెడగొట్టినది. మనిషికిని అంతే. భయము పుట్టినప్పుడు దేహము ప్రమాదమునకు సన్నద్ధమగును. గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును. పులి ఎదురైనచో అది రక్షణ. పులి లేకయే నెలల తరబడి దేహము అట్లే యున్నచో నిద్ర చెడును, ఆకలి తప్పును, చదివినది నిలువదు. చదివిన విషయము జ్ఞాపకమున కుదురుకొనుటకు నిద్ర అవసరము. రాత్రియంతయు మేలుకొని చదువుమనుట నూనె పోయక దీపమును వెలుగుమనుట.

విద్యార్థులారా, మీకును నాలుగు మాటలు. కాయకమునందే కైలాసము చూడుమని శరణులు బోధించిరి. మీ కాయకము చదువు. కాయకమనగా నేటి పనిని నేడు శుద్ధముగా చేయుట. ఫలితము కాయకము తరువాత వచ్చునది, కాయకము అది కాదు. గొడగూచి పాలు కొనిపోయినది, నిజముగా వేడినది. అక్కడికే ఆమె కాయకము పూర్తియైనది. ఎనిమిది సబ్జెక్టులను ఒక్కసారి తలచి భయపడుటకంటె, ఈ సాయంత్రపు ఒక్క పాఠమును కాగితముమీద వ్రాసికొని ముగింపుడు. రైలులోను బస్సులోను పోవు కాలము ఇంటి కొలువునకును కళాశాల కొలువునకును నడుమ మీకు దొరకిన విరామము. అందులో కొంతసేపైన ఫోను మూసియుంచుడు.

ప్రాతఃకాలమున ఇష్టలింగమును వామహస్తమున నిలిపి, దృష్టి నిలిపి, శ్వాసను మెల్లగా విడుచుచు పంచాక్షరి జపింపుడు. దీర్ఘమైన నిదానపు శ్వాస గుండెవేగమును తగ్గించును. మీ మెడలో లింగము కట్టిననాడు గురువు మీ ర్యాంకు అడుగలేదు. సబ్జెక్టు తప్పిననాడు ఆ లింగము మిమ్ము విడిచి పోదు. ఈ యొక్క విషయము మనసున నాటుకొన్నచో సగము బరువు దిగును.

మిగిలిన సగము దిగుటకు మాట కావలెను. కల్యాణమున అనుభవమంటపమును బసవేశ్వరుడు ఎందుకు నెలకొల్పెను? చాకలి, మంగలి, పడవవాడు, స్త్రీలు, మంత్రులు అందరును ఒకచోట కూర్చుండి తమ అనుభవమును దాపరికము లేక చెప్పుకొనుటకే. అల్లమప్రభువు అధ్యక్షుడై వినెను, ప్రశ్నించెను. చెప్పినవానిని చిన్నబుచ్చలేదు. ప్రతి యింటను వారమునకొక అరగంట అట్టి మంటపము కావలెను. ఆ అరగంటలో మార్కుల ప్రస్తావన రాకూడదు. టీవీ మూయవలెను. తండ్రి ముందుగా తన కష్టము చెప్పవలెను. దుకాణములో బాకీ వసూలు కాలేదని, పై అధికారి కసరెనని చెప్పవలెను. పెద్దవాని గిన్నెలో కూడ పాలు మిగులునని చూచిన బిడ్డ తన గిన్నె దాచడు. బిడ్డ 'రెండు సబ్జెక్టులు పోయినవి నాయనా' యని చెప్పిననాడు తండ్రి నోట రావలసిన మొదటి మాట 'అన్నము తింటివా?' యనునదే. లెక్కలు మరునాడు చూచుకొనవచ్చును.

ఇల్లు ఎంత మంచిదైనను కొన్ని బరువులు ఇంటివారివలన దిగవు. బిడ్డ రెండు వారములుగా సరిగా నిద్రింపక, తినక, స్నేహితులను విడిచి, 'నేను లేకున్న మీకు నిశ్చింత' యను మాట పలికినచో దానిని సోమరితనమనియో, గ్రహదోషమనియో త్రోసివేయరాదు. వైద్యుని కడకు పోవలెను. జ్వరమునకు మందు తీసికొనుట భక్తికి లోపము కానట్లే, మనసు నొచ్చినప్పుడు వైద్యము చేయించుట భక్తికి లోపము కాదు. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న టెలి మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు రేయింబవళ్లు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. తెలుగున మాటలాడవచ్చును. ఈ సంఖ్యను వంటింటి గోడమీద కేలెండరు ప్రక్కన వ్రాసి యుంచుడు. విశాఖపట్టణమున ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పుచు, నూరుమంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల సలహాదారును నియమింపవలెనని ఆదేశించినది. మీ కళాశాలలో ఆ సలహాదారు ఎవరో, ఏ గదిలో కూర్చుండునో అడిగి తెలిసికొనుట విద్యార్థి హక్కు, తల్లిదండ్రుల విధి.

కడపట మఠములవారికి ఒక విన్నపము. దాసోహమనగా అన్నము పెట్టుట యొక్కటే కాదు. ఎవరికేది కొరతయో దానిని సమకూర్చుట దాసోహము. ఇంటినుండి చదువు బిడ్డకు నేడు కొరత యైనది నిశ్శబ్దము. మన మఠములలోను సమాజభవనములలోను పెండ్లిండ్లు లేని సాయంకాలములందు హాళ్లు తాళములు పడి యుండును. సాయంత్రము ఆరు మొదలు తొమ్మిది వరకు ఒక హాలు తెరచి, నాలుగు బల్లలు, నాలుగు దీపములు, త్రాగునీరు ఉంచినచో చాలును. కులమత భేదము లేక ఆ వీధి పిల్లలందరిని రానిండు. విశ్రాంతి పొందిన అధ్యాపకుడొకరు మూలన కూర్చుండి పత్రిక చదువుకొనుచున్నను సరియే. ఏ బిడ్డ రాక మానినదో ఆయన కంటికి తెలియును. రానిదానిని వెదకి పలుకరించుటయే జంగమ లక్షణము.

బిడ్డ గిన్నె ఖాళీగా తెచ్చిననాడు మిఠాయి పంచుదుము. నిండుగా తెచ్చిననాడు తలుపు తీయు తీరులోనే మన శివాచారము తెలియును. బసవేశ్వరుడు మన బిడ్డలకు స్థైర్యమును, మనకు ఓర్పును అనుగ్రహించుగాక.

శివమస్తు.